తెరుచుకున్న ఆలిచిప్పలు

రేవుపాలెంలో పడవలు కదలాలంటే ముందు ఆలిచిప్పలు ఒప్పుకోవాలి. రేవు చివర నీళ్లలో దించిన బుట్టలో నలభై చిప్పలుంటాయి. ఒక్కోదానికీ బియ్యం గింజంత యంత్రం అతికించి ఉంటుంది. నీళ్లు బాగుంటే అవి నోరు తెరుస్తాయి, విషం తగిలితే మూసుకుంటాయి. అప్పుడు గట్టు మీది దీపం ఎర్రగా వెలుగుతుంది. తీరమంతా ఇప్పుడు ఇదే పద్ధతి. ఇక్కడి బుట్టను కడిగి చూసుకునే పని నూకరత్నానిది.

ఈసారి దీపం పందొమ్మిది రోజులు ఎర్రగానే ఉంది. ఇరవయ్యో రోజు పొద్దున్న పచ్చగా మారింది. ఆడవాళ్లు సముద్రానికి హారతివ్వడానికి పళ్లేలతో వచ్చేశారు. నూకరత్నం మొగుడు దానయ్య వల భుజానేసుకుని పరుగున వచ్చాడు.

"తెరుచుకున్నాయంట గదే! ఇయ్యాల మనింట్లో చేపల పులుసే!"

ఆమె బుట్ట పైకి లాగి ఒక చిప్పను వేలితో తట్టింది. బతికున్నదైతే ఠక్కున మూసుకోవాలి. అది కదల్లేదు. ఇంకోదాన్ని తట్టింది. వరసగా నలభైనీ తట్టింది.

"పడవ దించొద్దు మావా. నీళ్లు బాగుండి తెరుచుకోలేదియ్యి. అన్నీ సచ్చిపోయాయి."

దానయ్య నమ్మలేక తనూ వంగి ఒక్కొక్కటే తట్టి చూశాడు.

"పోన్లే, కొత్తయ్యి తెచ్చి పెడతారు గదా," అన్నాడు.

"ఏ సముద్రంలోంచి తెత్తారు మావా?"

అతను వల కింద పెట్టేశాడు. నూకరత్నం గట్టెక్కి పచ్చదీపం మీద గోనెసంచి కప్పింది. ఒడ్డున ఆడవాళ్లింకా పాడుతూనే ఉన్నారు. హారతి పూర్తయ్యేదాకా ఆమె వాళ్లని పిలవలేదు.