సూది నలభై మీద

"ఓరి నాయనో! ఆపండి జయరావుగారూ, ముందు ఇంజను ఆపెయ్యండి!"

మెకానిక్ బాజీ పెట్టిన కేకకి షెడ్డు రేకుల మీది పావురాలు కాస్తా ఎగిరిపోయాయి. వెనకాలే స్కూటీ మీద వచ్చిన స్తుతి గభాల్న బ్రేకు వేసింది. ఆమె తాతయ్య జయరావు మాత్రం తాపీగా తాళం తిప్పి అంబాసిడర్ ఆపాడు.

"ఏంట్రా బాజీ, కొంపలు మునిగినట్టు?"

"మునగలా మరి! ఆయిలు లైటు చింతనిప్పులా వెలుగుతోంది. ఇంటి దగ్గర్నుంచి అట్టాగే తోలుకొచ్చారా?"

"ఓ, అదా! ఆ బల్బు ఎప్పుడూ అంతేరా. దాని మాట నమ్మితే బండి తోలినట్టే."

బాజీ బానెట్ ఎత్తి ఆయిలు పుల్ల లాగి చూశాడు. కొసన కూడా తడి లేదు. కింద బోల్టు వదులై, ఉన్న ఆయిలంతా దారి పొడుగునా కారిపోయింది.

"అమ్మో! ఇంకొంచెం దూరం పోతే ఇంజను పట్టేసి అక్కడికక్కడే ఆగిపోయేది" అన్నాడు బాజీ.

తెల్లారితే స్తుతి పెళ్ళి. పర్చూరు నుంచి మార్టూరు చర్చి దాకా, బండరాళ్ళు మోసే లారీల మధ్య నుంచి, ఈ కారులోనే వెళ్ళాలి. పెళ్ళికొడుకు వాళ్ళు ఏసీ కారు పంపిస్తామంటే ససేమిరా అంది. మిషన్ ఆసుపత్రిలో డ్రైవరుగా చేసిన తాతయ్య, ఆ ఆసుపత్రి వాళ్ళు వేలం వేసిన కారు కొనుక్కున్న రోజునే ఆమెని ఒళ్ళో కూచోబెట్టుకుని స్టీరింగు పట్టించాడు. నా పెళ్ళికి నువ్వే డ్రైవరువి అని అప్పుడే మాట తీసుకుంది. ముసలాయన ఆ మాట కోసమే బతుకుతున్నాడని ఇంటిల్లిపాదికీ తెలుసు. వెనక సీట్లో ఆమెతో పాటు అమ్మ, ఇద్దరు పిన్నికూతుళ్ళు కూచుంటారు.

"బాజీ అన్నా, రేపు దారిలో ఏమన్నా అయితే?" అంది స్తుతి.

"కాకుండా చేద్దామమ్మా. బోల్టు బిగిస్తా, ఆయిలు నింపుతా. ఈయనగారికి బల్బంటే నమ్మకం లేదు గదా, పెద్ద మీటరే పెట్టేద్దాం. ఆయిలు ప్రెజరు ఎంతుందో సూది చూపిస్తుంది."

"మీటరెందుకురా? ఇంజను గొంతు వింటే చాలదూ! డ్యూటీలో ఉండగా ఒక్క గీత పడనిచ్చానా?" జయరావు ఉడుక్కున్నాడు.

"మరి ఎడమ మడ్‌గార్డు మీద అదేంటండీ?"

"పొగాకు ట్రాక్టరోడు రాసుకుపోయాడు. వాడికి కళ్ళుంటేగా!"

స్తుతికి ఆ మాటకి నవ్వొచ్చింది గానీ మంకుపట్టు వదల్లేదు. "తాతయ్యా, నా కోసం. మీటరు లేకపోతే నేను బండెక్కను."

మనవరాలి మాట ముందు జయరావు పంతం ఏనాడు నిలిచింది గనక! సరే కానివ్వమని సీట్లోనే వెనక్కి వాలాడు.

బాజీ పని మొదలుపెట్టాడు. బోల్టు బిగించి ఆయిలు నింపాడు. స్టీరింగు పక్కన, సరిగ్గా తోలేవాడి కళ్ళ ముందు, గుండ్రటి మీటరు బిగించాడు. దాని వెనక సన్నటి రాగి పైపు తగిలించి, రెండో కొసని బానెట్ కిందికి దూర్చాడు.

"దీంట్లోంచి ఆయిలు తన్నుకొస్తేనే సూది లేస్తుందమ్మా. లేకపోతే సున్నా దాటదు" అని స్తుతికి చెప్పాడు. "అయినా కొత్త మీటరంటే నాకు అనుమానమే. కొన్ని షాపులోంచే అబద్ధాలు నేర్చుకొస్తాయి. సున్నా సరిగా చూపిస్తేనే మిగతాది."

స్తుతి వెళ్ళి ఎదురుగా ఉన్న బడ్డీకొట్లో టీ తెచ్చింది. గ్లాసు తాతయ్య చేతిలో పెట్టింది. ఆయన ఊదుకుంటూ తాగి, "రేపు నిన్ను దించగానే చర్చి మెట్ల దగ్గర హారన్ మోగిస్తానే. మార్టూరంతా దద్దరిల్లాలి" అన్నాడు. ఆమెకి కళ్ళు చెమర్చాయి. ఆ మాటలకే ఏసీ కారు వద్దనుకుంది మరి.

"స్టార్ట్ చెయ్యండి!" బానెట్ చాటు నుంచి బాజీ కేకేశాడు.

ఇంజను గుర్రుమని అందుకుంది.

"సూది ఎక్కడుందండీ?"

"నలభై మీద!"

బాజీ బానెట్ పక్క నుంచి తల బయటపెట్టాడు. "ఇంకోసారి చూసి చెప్పండి" అన్నాడు బాజీ.

"నలభై అన్నాను గదరా! రాయిలా కూచుంది. ఇదిగో రేసిస్తున్నా చూడు... యాభైకి లేచింది!"

"హమ్మయ్య!" స్తుతి చప్పట్లు కొట్టింది. "అయిపోయినట్టేనా బాజీ అన్నా?"

బాజీ బానెట్ పక్కకి వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పైకెత్తి చూపించాడు. ఇంజనుకి తగిలించాల్సిన పైపు కొస ఇంకా ఆ చేతిలోనే ఉంది.

"అంటే మీటరు పాడైందా?" స్తుతి కంగారుగా కిటికీ దగ్గరికి పరిగెత్తింది.

జయరావు నిటారుగా కూచుని, నవ్వు మొహంతో సూటిగా మీటరు వైపే చూస్తున్నాడు. "పాడూ లేదు, గీడూ లేదు. కళ్ళెదుట కనబడుతుంటే! నలభై మీద రాయిలాగే ఉందమ్మా."

స్తుతి తల లోపలికి పెట్టి చూసింది.

సూది సున్నా మీద ఉంది.