చస్తే చచ్చినట్టే

“ఒక్క రాత్రి పడుకుంటే విరిగిన కాలు అతుక్కుంటుందా? ఎవడు రాశాడీ పుస్తకం? వాడికి జన్మలో ఒక్కసారైనా కాలు విరిగిందా అని!”

చిట్టి రూల్సు పుస్తకాన్ని బల్లమీద పడేసింది. మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు.

భోజనాల గదిలో కిటికీ పక్క బల్ల ఆ నలుగురిదీ. సాయంత్రం పాలగ్లాసులు కడిగి బోర్లించాక, ఏడింటి గంట కొట్టేదాకా అది వాళ్ల రాజ్యం.

ఆట పెట్టె చిట్టికి ఇంటి నుంచి వచ్చింది. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలో పాత్ర తీసుకుని ఆ కథలో నడుస్తారు. కొండ ఎక్కారా, జారిపడ్డారా, కత్తి తగిలిందా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. కథ చెప్పేది చిట్టి. ఆడేది బొంగురు, లెక్కలు, నిద్రమొహం. ఒకరికొకరు పెట్టుకున్న పేర్లివి. అసలు పేర్లు రిజిస్టర్లో ఉన్నాయి. అక్కడే ఉండనీ అనుకున్నారు.

పుస్తకం ప్రకారం పాత్రకున్న ప్రాణం పాయింట్లు సున్నాకి దిగినా దిగుల్లేదు. మంత్రగాడు చెయ్యి ఊపితే లేచి కూచోవచ్చు. చిట్టికి అది మింగుడు పడలేదు. ఈ బల్లకి వేరే రూల్సు రాసింది, నోటుపుస్తకంలో, ఎర్రసిరాతో.

కాలు విరిగితే మూడు కథలపాటు కుంటాలి. మచ్చ పడితే చెరపకూడదు; ఎలా పడిందని అడిగితే దాచకూడదు. ప్రాణం సున్నా అయితే చచ్చినట్టే, మంత్రాల్లేవు. పోయినవాళ్ల గురించి తలో నిజం చెప్పాలి. ఊరికే పొగిడితే ఒక పాయింటు కోత. పోయిన పాత్రను ఆడినవాళ్లు అలిగి బల్ల వదలకూడదు. వెంటనే కొత్త పాత్ర రాసుకోవాలి.

“మరి పోయిన పాత్ర రాసుకున్న కాగితం చింపెయ్యాలా?” అడిగింది లెక్కలు.

“చింపితే నీ చెయ్యి విరుగుతుంది. మూడు కథలు!”

ఆ నోటుపుస్తకం వార్డెన్ కంటపడింది.

వార్డెన్ చెడ్డమనిషేం కాదు. ఎవరు తిన్నారో ఎవరు తినలేదో కనిపెట్టుకుని ఉంటుంది. కాకపోతే గోడలనిండా బోర్డులు పెట్టింది. గట్టిగా మాట్లాడరాదు. అడగకుండా గేటు దాటరాదు. వరండాలో పరుగెత్తరాదు. ఆ చివరిదాన్ని మాత్రం ఈ నలుగురూ ఒక్కసారి కూడా మీరలేదు.

“ఏంటిదంతా? పేజీకి పది చావులు!” అంది వార్డెన్, నోటుపుస్తకం రెండు వేళ్లతో పట్టుకుని. “మీ వయసులో పెట్టుకోవాల్సిన ఆలోచనలా ఇవి? హాయిగా రంగులేసుకోమని బొమ్మల పుస్తకాలు తెచ్చిచ్చాను కదా!”

“వేశాం మేడమ్,” అంది నిద్రమొహం. “కుందేలుకి ఆకుపచ్చ వేశాను.”

“ఇకనుంచి ఈ ఆటలో ఎవరూ చావకూడదు. ఈ పేజీ కొట్టెయ్యండి. లేదంటే పెట్టె నా బీరువాలోకి పోతుంది. మీ ఇంటివాళ్లకీ చెబుతాను.”

నోటుపుస్తకం బల్లమీద పెట్టి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడింది.

లెక్కలు మెల్లిగా చిట్టి మోచెయ్యి గిల్లింది. “కొట్టేద్దామే. ఒక గీతకి పోయేదేముంది? ఆట మిగులుతుంది.”

“ఏం మిగులుతుంది నా మొహం! ఎవరికీ ఏమీ కాదని ముందే తెలిస్తే గుహలోకి వెళ్లడం ఎందుకు? ఇక్కడే కూచుని గోడ చూసుకోవచ్చుగా.”

చిట్టి వార్డెన్ వైపు చూడలేదు. బొంగురు వైపు తిరిగింది. కథలో బొంగురు ఈటె పట్టుకుని గుహ మూతి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. వెనక నుంచి మిగతా ఇద్దరూ బయటపడుతున్నారు. ఎదురుగా ఎలుగుబంటి. మిగిలిన ప్రాణం ఒక్క పాయింటు.

“పాచిక పదకొండు దాటాలి. పారిపోతావా, నిలబడతావా?”

“ఇంతదూరం వచ్చి వెనక్కి తిరిగే మొహమేనా నాది?” అని బొంగురు పాచిక విసిరింది.

మూడు పడింది.

“పోయావే,” అంది చిట్టి.

“పోతే పోయాను. కానివ్వండి, నిజాలు చెప్పండి.”

“అందరి వాటా రొట్టె తనే తినేసేది,” అంది లెక్కలు.

“ఈటె విసిరితే మన గుర్రానికే తగిలింది. పాపం, నోరులేని జీవం,” అంది నిద్రమొహం.

“భయమేసినప్పుడల్లా బూతులు లంకించుకునేది,” అంది చిట్టి. “అడుగు మాత్రం ఒక్కసారీ వెనక్కి వెయ్యలేదు.”

“అది పొగడ్త! ఒక పాయింటు కొయ్యండి!” అని చచ్చిన మనిషే అరిచింది. నవ్వుకి గ్లాసులు గలగలమన్నాయి. ఆ నవ్వులోనే బొంగురు కొత్త కాగితం లాక్కుని, “ఈసారి నేను దొంగని,” అని రాసుకోవడం మొదలుపెట్టింది.

వార్డెన్ చెయ్యి చాచింది. చిట్టి పాచికని పెట్టెలో వేసి, మూత సరిగ్గా అమర్చి, తనే అందించింది. నోటుపుస్తకం మాత్రం ఒళ్లో పెట్టుకుంది.

“పెట్టె తీసుకోండి మేడమ్. రూల్సు మావి. పాచిక లేకపోతే చీటీలు వేసుకుంటాం.”

లెక్కలు అప్పటికే ఆకుపచ్చ కుందేలుని ఇరవై ముక్కలు చేస్తోంది.

వార్డెన్ విసవిసా ఆఫీసు గదిలోకి వెళ్లి చిట్టి ఇంటికి ఫోన్ చేసింది.

అవతల ఫోనెత్తిన చిట్టి పెద్దకొడుకు, తను రిటైరై కూడా రెండేళ్లయినవాడు, ఫిర్యాదంతా ఓపిగ్గా విని, “ఎనభై నాలుగేళ్ల మనిషికి చావు గురించి నేనేం చెప్పగలనండీ, ఆవిడే మనకు చెప్పాలి గానీ,” అన్నాడు.