తొలగించిన ప్రార్థన

సగం కుట్టిన జాకెట్టు సూది కిందే ఉండిపోయింది. రత్నమణి రెండు చేతులతో ఫోను పట్టుకుని కూర్చుంది.

పావుగంట కిందట పాస్టరమ్మగారికి ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది.

“అమ్మగారూ, మా చెల్లి సూసన్ కోసం ప్రార్థన చెయ్యండి. రొమ్ములో గడ్డ ఉందంట. ఇయ్యాల బెజవాడ రింగురోడ్డు పక్కన పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్షకి పంపుతున్నారు. వాళ్ళత్తగారికి తెలీదు. తెలియనివ్వద్దు.”

అది పాస్టరమ్మగారికి వెళ్ళలేదు. స్త్రీల సహవాసం గ్రూపులోకి వెళ్ళింది. నందిగామ, జగ్గయ్యపేట సంఘాల ఆడవాళ్ళంతా అందులోనే ఉన్నారు.

జగ్గయ్యపేటలో ఉండే సూసన్ అత్తగారు కమలాకుమారి కూడా ఉంది.

ఆవిడకి చదవడం రాదు. అందుకే గ్రూపులో వాయిస్ మెసేజ్ వస్తే ఒక్కటీ వదలదు. విన్న ప్రతి పేరుకీ మోకరించి ప్రార్థన చేస్తుంది.

రెండేళ్ళ కిందట ఆవిడ పెద్దకూతురు జాయిస్ ఇదే జబ్బుతో పోయింది.

“అత్తయ్య ఇంకోసారి తట్టుకోలేదక్కా. రిపోర్టు వచ్చేదాకా మనిద్దరి మధ్యే ఉండనీ,” అని నిన్న ఫోన్లో చెప్పింది సూసన్. ఇంట్లో టీచర్ల ట్రైనింగని చెప్పి పొద్దున్నే బస్సెక్కింది. లారీ మీద నాగపూర్ వెళ్ళిన మొగుడికి కూడా చెప్పలేదు.

పాస్టరమ్మగారికి చెబితే చెప్పినట్టు కాదనుకుంది రత్నమణి.

తప్పు తెలియగానే కంగారుపడింది. మెసేజ్ తొలగించబోతే ఫోను రెండు మాటలు చూపించింది. ‘అందరికీ’. ‘నాకు’. తప్పు చేసింది తను కదా. ఆ కంగారులో ‘నాకు’ నొక్కేసింది.

మెసేజ్ మాయమైంది. హమ్మయ్య అనుకుంది.

అంతలో గ్రూపులో ఎవరో ‘ఆమెన్’ పెట్టారు.

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు క్రిస్టీకి ఫోన్ చేసింది.

“నీ ఫోన్లోనే పోయిందమ్మా. మిగతా అందరి దగ్గరా అలాగే ఉంది.”

“నేను పంపింది నాకు కనబడకుండా వాళ్ళకెట్టా కనబడుద్దే?”

“అంతేనమ్మా. ఇప్పుడు అడ్మిన్ తప్ప ఎవరూ తియ్యలేరు. ఎవరు మీ గ్రూపుకి అడ్మిన్?”

“అమ్మగారు.”

“అయితే ఆవిడకే చెయ్యి, తొందరగా.”

పాస్టరమ్మగారి ఫోను స్విచాఫ్. శుక్రవారం. పెనుగంచిప్రోలు అవతల ఎవరింట్లోనో ఉపవాస ప్రార్థన. ఒంటిగంటకి గానీ ఫోను ముట్టుకోదు.

అప్పటికి టైము పది దాటింది.

కమలాకుమారికి ఫోన్ చేసింది. ఏం మాట్లాడాలో తెలియదు గానీ, ఆవిడ గొంతు వింటే మెసేజ్ విందో లేదో తెలిసిపోతుంది.

మోగింది. ఎత్తలేదు.

మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

జాయిస్‌ని సమాధి చేసిన రోజు ఆవిడ ఒక్కసారిగా కుప్పకూలిపోయింది. ముఖాన నీళ్ళు కొట్టి లేపాల్సి వచ్చింది. ఇప్పుడు సూసన్ కూడా లేదు, ఇంట్లో ఒక్కతే ఉండుంటుంది.

‘ఆమెన్’లు వస్తూనే ఉన్నాయి. ‘ప్రార్థిస్తున్నాం అక్కా’ అని ఒకరు. చేతులు జోడించిన బొమ్మలు. అవన్నీ దేనికో చూపించడానికి రత్నమణి ఫోన్లో ఆ మెసేజ్ లేదు.

ఇంతలో తెర మీద ఆ యాప్ వాళ్ళ పెట్టె ఒకటి వచ్చింది. ‘కొత్త అప్‌డేట్ ఎలా ఉంది? ఇంకా ఏమేం ఉంటే బాగుంటుందో రాయండి.’

మొన్నటి అప్‌డేట్‌లో రంగులు మారాయి, నవ్వే బొమ్మలు పెరిగాయి. ఆ పెట్టె వచ్చినప్పుడల్లా చిరాకుగా మూసేసేది. ఇవాళ కూర్చుని ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ రాసింది.

‘అయ్యా, పంపేముందు ఇది ఫలానా ఫలానా వాళ్ళకి పోతోందని పేర్లు పైకి చదవండి. మేం తుడిపేసుకున్నా సరే, ఎవరెవరు విన్నారో చూపించండి. ఎంతమందికి పోయినా ఒక్క మనిషికి మాత్రం చేరకుండా ఆపే మీట పెట్టండి. ఆవిడకి ఇంతకుముందే ఒక కూతురు పోయిందండి. ఇట్లు, రత్నమణి, నందిగామ.’

‘మీ సూచనకు ధన్యవాదాలు’ అని వెంటనే వచ్చింది.

ఒంటిగంట దాటాక పాస్టరమ్మగారు ఫోను ఎత్తింది.

“ఎంత పని చేశావు తల్లీ. ఉండు, తీసేస్తా.”

“కమలాకుమారి అత్తయ్యగారు మీ దగ్గరే ఉన్నారాండీ?”

“రాలేదమ్మా. వస్తానని నిన్న చెప్పింది, రాలేదు.”

రత్నమణి చెప్పులు వెతుక్కుంది. జగ్గయ్యపేట వెళ్ళి చూసి రావాలి. గడప దాటుతుంటే ఫోను మోగింది. సూసన్.

“అక్కా, కొంప మునిగింది. అత్తయ్య ఇక్కడుంది.”

రత్నమణి గడప మీదే కూర్చుండిపోయింది.

“కళ్ళు చూపించుకోడానికొచ్చిందంట, సరిగ్గా ఇదే ఆసుపత్రికి. వరండాలో ఎదురుపడింది. మా స్కూల్లో టీచరుకి బాగోపోతే తోడొచ్చానని చెప్పేసా. నమ్మింది పాపం.”

“ఏమన్నా అడిగిందా?”

“ఏం లేదు. అన్నం తిన్నావా అంది, అంతే. అక్కా, నన్ను లోపలికి పిలుస్తున్నారు. ఫోను ఆవిడకిస్తా, కాసేపు మాటల్లో పెట్టు.”

ఫోను చేతులు మారింది. అవతల ఎవరో సూసన్ పేరు గట్టిగా పిలిచారు. తలుపు మూసిన చప్పుడైంది.

“రత్నమణీ.”

“అత్తయ్యగారూ...”

“నేను విన్నానని దానికి చెప్పమాక.”

రత్నమణికి ఏడుపొచ్చింది. “అంతా నావల్లే,” అంది.

“ఏడవమాకమ్మా. రిపోర్టు ఎప్పుడిస్తారంట?”

“సోమవారం అండి.”

“అయితే సోమారం దాకా నాకేం తెలీదు,” అంది కమలాకుమారి.