రెండు చిల్లులు

"మనిషి రూపానికి నా మొహం ఉంది కదండీ?" అన్నాడు వేషగాడు, ఆకుపచ్చ రబ్బరు మాస్కు ఒళ్లో పెట్టుకుని.

టీవీ సీరియల్లో తొమ్మిదేళ్లుగా గ్రహాంతరవాసి అతనే. ఈ వారం కథలో ఆ జీవి మొదటిసారి మామూలు మనిషిలా కనిపించాలి. అల్లుడు టీవీలో ఉన్నాడంటే ఇన్నేళ్లూ నమ్మని అత్తగారికి కబురు చేసి మరీ వచ్చాడు.

దర్శకుడు అతని గడ్డం పట్టుకుని, పుచ్చుందేమోనని వంకాయను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమనుకోకు బాబూ. ఇది మనిషి మొహమంటే జనం నమ్మరు."

జనం నమ్మే మొహం అప్పటికే కెమెరా ముందుంది. సబ్బు ప్రకటనల అందగాడిది. పద్నాలుగో టేకుకి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది గానీ, అతని కళ్లు ఇంకా సబ్బే అమ్ముతున్నాయి.

"ఆ జీవి చూపులో ఒక దిగులుంటుందయ్యా! అదేదీ?" దర్శకుడు తల పట్టుకున్నాడు.

"మాస్కుకి ఉన్నవి రెండు చిల్లులే సార్," అంది మేకప్ అక్క, బ్రష్షు కడుగుతూ. "వాటిలోంచి చూసింది ఇతను."

దర్శకుడు మొదటిసారి వేషగాడి కళ్లలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. వేషగాడు జుట్టు సర్దుకున్నాడు.

"అద్భుతం!" అన్నాడు దర్శకుడు. "అమ్మా, ఆ అందగాడి మొహానికి అచ్చు తీసి రబ్బరు మాస్కు చెయ్యి. ఇతనికి తొడుగుదాం."

మేకప్ అక్క చెయ్యి ఆగిపోయింది. వేషగాడు మెల్లిగా ఆమె పక్కకి వచ్చాడు.

"అక్కా, ఈసారి చిల్లులు కాస్త పెద్దవి పెట్టు. కళ్లు చూసైనా మా అత్తగారు గుర్తుపడతారేమో."