టీ తాగి వెళ్తాను

క్లైవ్ కోటు కూడా విప్పకుండా కెటిల్ ప్లగ్గును ముక్కలుగా ఊడదీసి బల్లమీద పరిచాడు.

“పిల్లని నా దగ్గర దింపి, టీ తాగి ఐదింటి రైలుకి వెళ్తానన్నావ్. ఈ పోస్టుమార్టం ఏంట్రా?” అంది వాళ్ళమ్మ బెరిల్.

“ప్లగ్గు లోపలి ఫ్యూజు పోయిందమ్మా. పిల్లకి కూడా నేర్పుతున్నా. టామ్సిన్, గోధుమరంగు తీగ?”

“కరెంటొచ్చేది, నాన్నా!”

“నీలం?”

“తిరిగెళ్ళేది!”

మూడో ఫ్యూజు వేశాడు. టామ్సిన్ రొట్టెల డబ్బా వెనక్కి చెయ్యి పెట్టి ప్లగ్గు గుచ్చింది. కెటిల్ ఉలకలేదు. ఐదింటి రైలు వెళ్ళిపోయింది. క్లైవ్ కోటు విప్పాడు.

“పోనీ, గిన్నెలో కాచనా?” అంది బెరిల్.

“గిన్నెలో టీనా? మనం మనుషులమేనా అమ్మా?”

బెరిల్ రొట్టెల డబ్బా జరిపింది. గోడమీద స్విచ్ ఆపేసి ఉంది. టామ్సిన్ నానమ్మ కళ్ళలోకి చూసి, తల దించుకుంది.

బెరిల్ కొడుకు చూడకుండా స్విచ్ వేసింది. కెటిల్ బుసలు కొట్టింది.

“చూశావా, నాన్న తలుచుకుంటే!” క్లైవ్ ఎగిరి గంతేశాడు. “ఒక్క టోస్టు తినేసి ఆరింటి రైలుకి పోతా.”

“టోస్టర్ కూడా పనిచెయ్యట్లేదురా,” అంది బెరిల్, దాని స్విచ్ మీంచి చెయ్యి తీస్తూ.