నాలుగో పేరు

తెర మీద నాలుగో పేరు దానమ్మ గారిది. పక్కన 'కిడ్నీలు' అని ఉంది.

దానమ్మను మంగళవారం సమాధి చేశారు.

ఆమదాలవలసలో ఎరువుల కొట్టు మేడ మీద, రేకుల షెడ్డులో ఆ చర్చి. ప్రతి ఆదివారం ప్రార్థన జాబితాను లాప్‌టాప్‌లో పెట్టేది దానమ్మ కూతురు సుహాసిని. బీటెక్ చదివిన పాపానికి సంఘం ఆమెకిచ్చిన పరిచర్య అది.

ఈసారి పోయిన వారం జాబితాకే తేదీ మార్చింది. అంతే మార్చింది.

పాస్టరు గారు అలవాటు కొద్దీ చదువుకుంటూ పోయారు. "దానమ్మ గారి స్వస్థత కొరకు..."

"స్తోత్రం," అన్నారందరూ.

అన్నాక తలలన్నీ తెర వైపు లేచాయి.

"తీసెయ్యమ్మా," అన్నారు పాస్టరు గారు, మెల్లగా.

తీసేసింది. అందరూ చూస్తుండగా ఐదో నంబరు తిరుమలరావు గారు, హెర్నియా, నాలుగో నంబరుకి జరిగారు.

మనిషి పోతే స్వస్థత జాబితాలో పేరు తీసి, ఇంటివాళ్ళ పేరు ఓదార్పు కోసం ఆదరణ జాబితాలో ఎక్కించడం అక్కడి పద్ధతి. మూడేళ్ళలో సుహాసిని పద్దెనిమిది ఇళ్ళను ఎక్కించింది.

ఈ వారం ఆదరణ ఖాళీగా ఉంది.

"నీ పేరేదే?" అంది గురమ్మ. ఎప్పుడూ దానమ్మ పక్కనే చాప మీద కూర్చునే మనిషి. ఇవాళ కూడా పక్కన అంత చోటు వదిలే కూర్చుంది. "ఎట్టుకోలేదేటి?"

"ఎడతన్నానత్తా."

సుహాసిని అని కొట్టి ఆగింది. జాబితాలో ప్రతి పేరుకీ గారు ఉంది. తన పేరుకి తనే ఎలా పెట్టుకోవడం?

"గారు కూడా ఎట్టుకోవే. మీయమ్మైతే నవ్వును. దేవుడు నవ్వడులే."

వెనక ఎవరో నవ్వబోయి దగ్గారు.

పెట్టింది.

"ప్రార్థన చేసుకుందాం."

అందరూ కళ్ళు మూసుకున్నారు. సుహాసిని ఎప్పుడూ మూసుకోదు. ఆమెన్ అనేలోపు స్లయిడు మార్చాలి.

తర్వాతి స్లయిడు వాక్యోపదేశానిది. అంశం పాస్టరు గారు పోయిన ఆదివారమే వాట్సాప్‌లో పంపారు. 'దేవుడు సర్వాధికారి. అక్షరాలు పెద్దగా పెట్టమ్మా.'

శ్రీకాకుళం ఆస్పత్రిలో, అమ్మ మంచం పక్కన కూర్చుని ఆ స్లయిడు చేసింది. తెరకి పట్టినంత పెద్దగా పెట్టింది. వెనకాల ఏ ఫొటో పెట్టాలో తేలక ఫోను అమ్మకి చూపించింది.

"కొండలెట్టు," అంది అమ్మ. "సముద్రం సాల్దు."

స్టేషను వైపు ఏదో రైలు ఆగకుండా పోయింది. పాస్టరు గారి గొంతు నెమ్మదించింది. "నీ చిత్తమే జరిగించు ప్రభువా..."

సుహాసిని వేలు బాణం మీట మీద ఉంది.

"ఆమెన్."

అందరూ కళ్ళు తెరిచారు.

తెర మీద ఇంకా సుహాసిని గారే ఉన్నారు.