చివరి వరుస

"కార్డు చదవండమ్మా," అంది కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్షించే అమ్మాయి.

పెద్దావిడ కళ్ళద్దాలు సవరించుకుని గడగడా చదివేసింది. చీమ తలకాయంత అక్షరాలున్న చివరి వరుస దగ్గర కూడా తడుముకోలేదు.

"భేష్! మీకింకో పదేళ్ళు ఢోకా లేదు," అంటూ అమ్మాయి కాగితం మీద 'పాస్' అని రాయబోయింది.

"ఆగమ్మా. వేరే కార్డు ఇవ్వు."

"ఎందుకండీ, బాగానే చదివారుగా?"

"చదవలేదు, అప్పజెప్పాను. పన్నెండేళ్ళుగా ఏటా ఇదే కార్డు ఇస్తున్నారు మీ దుకాణంలో. పోయినేడు చూసి చదివానో, గుర్తుండి చదివానో నాకే అనుమానం."

బయట బెంచీ మీద ఇంకా ఏడుగురున్నారు. అందరూ చదవలేక ఇబ్బంది పెడతారు, ఈవిడేమిటి చదివి మరీ ఇబ్బంది పెడుతోంది అనుకుంది అమ్మాయి. సొరుగంతా గాలించి, అడుగున దుమ్ము పట్టిన కార్డొకటి తీసింది.

ఈసారి పెద్దావిడ చివరి వరుస దాకా వచ్చి ఆగిపోయింది. కార్డును దగ్గరికి జరుపుకుంది. దూరంగా పెట్టి చూసింది. ఆమె వేళ్ళ కొసలు ఎర్రగా ఉన్నాయి.

"ఆ రంగేమిటండీ?"

"పని రంగులే. బాయిలర్లు పరీక్షిస్తాను. వెల్డింగు చేసిన అతుకు మీద ఎర్ర రంగు పూసి, తుడిచేసి, పైన తెల్ల పొడి కొడతాం. పగులుంటే ఆ తెలుపులో ఎర్రగీత తేలుతుంది, వెంట్రుకంత. అది కనపడాలి. వెల్డర్లు నన్ను భూతద్దం అంటారు. నా వెనకాలేలే."

నవ్వింది గానీ, ఆ వరుస మాత్రం చదవలేకపోయింది.

అమ్మాయి అద్దాలు మార్చి చూసింది, లైటు వేసి కంట్లోకి చూసింది. "అద్దాలతో అయ్యేది కాదండీ. కంటి వెనక పొర పాడవుతోంది. పెద్ద డాక్టరుకు చూపించుకోండి. అయినా పోయింది ఒక్క వరుసేగా, పాస్ అని రాసేస్తాను. ఎవరు చూడొచ్చారు?"

"ఫెయిల్ అని రాయి."

"ఉద్యోగం పోదూ?"

"పోతుంది." ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "ఇరవై ఎనిమిదేళ్ళు చేశాను. ఇంకో రెండేళ్ళు గడిస్తే గౌరవంగా దిగిపోయేదాన్ని." కాసేపు వేళ్ళకేసి చూసుకుంది. "ఈ చూపు ఎప్పణ్ణుంచి తగ్గి ఉంటుంది?"

"ఆరేడు నెలలై ఉండొచ్చు."

"అది కూడా రాసి సంతకం పెట్టివ్వమ్మా."

కాగితం చేతికి రాగానే పెద్దావిడ "అమ్మయ్య" అంది.

ఆ మాటతో అమ్మాయికి వెలిగింది. ఓహో, ఇదా సంగతి! జబ్బు పేరు చెప్పి ఇంట్లో కూర్చోడానికి వేసిన ఎత్తన్నమాట.

బట్టల మిల్లులో బాయిలర్ నడిపే భర్త సాయంత్రం ఇంటికి రాగానే, "ఈవేళ ఎవరో ఒకావిడ పట్టుబట్టి మరీ ఫెయిలయిందండీ! అక్షరాలు కనపడవట గానీ, పని ఎగ్గొట్టే దారి బాగానే కనపడింది," అని చెప్పింది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

వారం తిరక్కుండానే భర్త పట్టపగలు ఇంటికొచ్చాడు, చిర్రుబుర్రులాడుతూ.

"ఎవరో ఉత్తరం రాశారట. బాయిలర్ ఆపి మళ్ళీ పరీక్షించాలట. నాలుగు నెలల కిందటేగా పాస్ చేశారు! పనీపాటా లేనివాళ్ళు."

మూడో రోజు మిల్లుకు వెళ్ళి, గంటలో తిరిగొచ్చాడు. చిరాకు లేదు. కుర్చీలో కూలబడి మంచినీళ్ళు అడిగాడు. గ్లాసెడూ గుక్కతిప్పకుండా తాగేశాడు.

"పగులుందటే. రోజూ నేను నిలబడే చోటికి మూరెడు దూరంలో. ఇంకో పదిహేను రోజులు నడిపితే పేలిపోయేదట."

అమ్మాయి గబగబా దగ్గరికొచ్చింది. అతని భుజాలు తడిమింది, చేతులు తడిమింది. మనిషి నిక్షేపంలా ఎదురుగా ఉన్నాడు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

"అమ్మయ్య," అంది చివరికి. "గండం గడిచింది, అదే చాలు."

"నాలుగు నెలల కిందట దాన్ని పాస్ చేసిన మహానుభావులెవరో దొరకాలి, చెంప పగలగొడతాను. ఆపమని ఉత్తరం రాసినవాళ్ళు దొరికితే కాళ్ళ మీద పడతాను. కానీ వాళ్ళు అప్పుడే ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయారట."

"ఎవరట?"

"ఏమో. పాత రిపోర్టూ ఆ ఉత్తరమూ నోటీసు బోర్డు మీద పెట్టారు. ఫొటో తీశాను గానీ, చదివే స్థిమితం ఎక్కడిది? నువ్వే చూడు."

అమ్మాయి ఫోను అందుకుంది.

పాత రిపోర్టులో 'పగులు లేదు' అని ఉంది. కింద గుండ్రటి సంతకం.

ఉత్తరానికి ఒక చిన్న కాగితం జతచేసి ఉంది. దాని అంచున ఎర్రటి వేలిముద్ర. దాని మీది రాత అమ్మాయిదే.

ఫొటో పెద్దది చేసి ఉత్తరం చదివింది.

'ఈ ఏడు నెలల్లో నేను పాస్ చేసిన బాయిలర్లన్నీ ఆపించి, మంచి చూపున్నవాళ్ళతో మళ్ళీ పరీక్ష చేయించండి, నా సంతకాన్ని నమ్మవద్దు' అని రాసి, కింద అదే గుండ్రటి సంతకం పెట్టి ఉంది.